పిలువని పేరంటమునకు వచ్చు మరమ్మతుకాడు

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములందును, వాని చుట్టుపట్ల గ్రామములందును చేతిఫోనులకు వచ్చుచున్న యొకతెగ సందేశములను గూర్చి పాఠకమహాశయులకు నేడు కొన్ని మాటలు విన్నవింపవలసియున్నది. ఆ సందేశముల ధోరణి యించుమించుగ నొక్కటే. “మీ ఫోనులో వైరసు ప్రవేశించినది, తక్షణమే ఈ సంఖ్యకు ఫోను చేయుడు” అని యొకటి. “మీ సిమ్ముకార్డు ధ్రువీకరణము ముగిసినది, 24 గంటలలో మీ సంఖ్య నిలిచిపోవును” అని మఱియొకటి. “మీ బ్యాంకు యాప్ పాతబడినది, ఈ లింకు నొత్తి క్రొత్తదానిని దింపుకొనుడు” అని వేఱొకటి. పంపినవాడు తాను మైక్రోసాఫ్టు సంస్థవాడననియో, టెలిఫోను కంపెనీ సాంకేతిక సహాయకుడననియో, బ్యాంకువారి కస్టమరు కేరు ఉద్యోగిననియో చెప్పుకొనును. నిజమునకు వాడు వీరిలో నెవ్వడును గాడు. మన ఫోనునకు రోగము లేదు; ఉన్నను వానికి తెలియు మార్గము లేదు.

ఇట్టి వలలో బడువారెవరు? పామరులని మన పట్టణవాసుల యభిప్రాయము. నేను దానితో నేకీభవింపజాలను. చదువురాని రైతునకు ఇట్టి సందేశము వచ్చినచో నతడు ఫోను చేతబట్టుకొని ప్రక్కింటి కుఱ్ఱవాని యొద్దకు పోవును. కుఱ్ఱవాడు చదివి, నవ్వి, తుడిచివేయును. అంతటితో నా గండము గడచును. చదువుకొన్నవాని సంగతి యట్లు గాదు. అతడు తానే చదువుకొనును. సగము బోధపడని యాంగ్లమును గూర్చి యింకొకని నడుగుట చిన్నతనమని తలంచును. తలుపు దగ్గఱగా వేసికొని, ఒంటరిగా గూర్చుండి, ఆ సంఖ్యకు ఫోను చేయును. పింఛనుదారులు, వర్తకులు, ఉపాధ్యాయులు, నా వృత్తిలోనివారు సైతము ఈ విధముగనే ధనము పోగొట్టుకొనుచున్నారు. అక్షరజ్ఞానము రక్షింపలేని చోట రైతును రక్షించినది ఇంకొకని నడుగు నలవాటు. ఈ వ్యాసమునకు మూలము ఆ యొక్క విషయమే.

రేపల్లె ప్రాంతపు విశ్రాంతోపాధ్యాయులొకరు నా కచేరీకి వచ్చి చెప్పిన వృత్తాంతమును వారి యనుమతితో, వారి యానవాలు తెలియని రీతిని, వ్రాయుచున్నాను. ఫోను భద్రత దెబ్బతిన్నదనియు, పింఛను ఖాతా నిలిచిపోవుననియు, సహాయమునకై ఫలానా సంఖ్యకు ఫోను చేయవలసినదనియు వారికి సందేశము వచ్చినది. ఫోను చేయగా అవతలివాడు చక్కని తెలుగున, “కంగారుపడకండి మాష్టారూ, నేనున్నాను గదా” యని పలికెనట. నలువదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన యా పెద్దమనుష్యుడు ఆ యాదరపు మాటకు కరగిపోయిరి. అవతలివాడు ‘సహాయపు యాప్’ నొకదానిని దింపించెను. తెరపై గనబడిన యంకెలను చదివించుకొనెను. అనుమతి బొత్తములను రెండు మూడింటి నొత్తించెను. ఒక పత్రమును చూపి దానిలో కార్డుసంఖ్యయు, రహస్యపదమును నింపించెను. ఓటీపీ యెవ్వరికిని చెప్పరాదని మాష్టారు పత్రికలలో చదివియే యున్నారు, చెప్పనును లేదు. చెప్పవలసిన యవసరమే రాలేదు. ఫోను తెర యంతయు నవతలివాని యెదుట నుండగా ఓటీపీలు వచ్చినవి వచ్చినట్లు వాడే చదువుకొనెను. అరగంటలో పింఛను బకాయిల సొమ్మంతయు ఖాళీ యయ్యెను.

ఇంతవరకు జరిగినది మోసము. ఆ తరువాత జరిగినదే నన్నెక్కువగ బాధించినది. నాలుగు దినములు వారు నోరు మెదపలేదు. భార్యకు చెప్పలేదు. హైదరాబాదులోని కుమారునికి చెప్పలేదు. “ఇంత చదివి యింత మోసపోయితినా యని నలుగురు నవ్వుదురు గదా” యని లోలోన గుమిలిపోయిరి. నా యొద్దకు వచ్చునప్పటికి సొమ్ము ఎన్ని ఖాతాలు దాటిపోయినదో!

తెనాలి రామకృష్ణుని కథ లెఱుగని వారు మన సీమలో లేరు. ఇంటిలో దొంగలు పొంచియుండగా నగలపెట్టె బావిలో వేసితినని వారు వినునట్లు పలికి, రాత్రియంతయు వారిచే నీరు తోడించి తన తోట తడుపుకొన్నాడని చెప్పుదురు. నాటి దొంగను ఇంటివాడు మాటలతో పనిచేయించుకొనెను. నేటి దొంగ ఇంటివానిచేతనే నీరు తోడించుకొనుచున్నాడు! తాళము పగులగొట్టడు, కన్నము వేయడు. తాళపుచెవి మనమే తిప్పుదుము. పెట్టె మనమే మోసికొనిపోయి వాని బండి కెత్తుదుము. పైగా శ్రమ తీసికొన్నందుకు వానికి కృతజ్ఞత చెప్పుదుము.

ఈ మోసములో సందేశము గాలమునకు గ్రుచ్చిన యెర మాత్రమే. అసలు పని జరుగునది కంఠస్వరముతోను, దూరమునుండి మన ఫోనును చూచుటకో నడుపుటకో వీలిచ్చు యాప్‌తోను. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ మొదలగునవి స్వతః దుష్టమైనవి కావు. కార్యాలయములలో కంప్యూటరు మరమ్మతులకు నిత్యము వాడుచున్నవే. మంగలికత్తి గడ్డము గీయుటకే పుట్టినది, కాని యెవ్వని చేతికి మెడ యప్పగించుచున్నామో చూచుకొనవలదా? 2019 ఫిబ్రవరిలోనే రిజర్వుబ్యాంకు ఎనీడెస్క్ పేరు పేర్కొని బ్యాంకులను హెచ్చరించినది. ఇటీవల ఏపీకే యను దస్త్రములను వాట్సాపులో పంపుట యొక్కువైనది. వాహనపు జరిమానా యనియు, పి.యం. కిసాన్ సహాయమనియు, బ్యాంకు ధ్రువీకరణమనియు పేర్లు పెట్టుదురు. దానిని స్థాపించుకొన్న ఫోను తన యజమానికి దాసి, పరునికి గూఢచారి యగును. మనకు వచ్చు సందేశములన్నియు వానికిని పోవుచుండును.

కపటసందేశమును గుర్తించుట యెట్లు? తప్పులతడక యాంగ్లమును బట్టి పోల్చవచ్చునని పూర్వము చెప్పెడివారు. ఆ యానవాలును నేడు నమ్మరాదు. యంత్రములే వ్యాసములు వ్రాయుచున్న ఈ కాలమున మోసగాని తెలుగు మన పంతులుగారి తెలుగు కంటె శుద్ధముగ నుండవచ్చును. సంస్థ చిహ్నము, పెద్దసంతకము, కార్యాలయపు ముద్ర, ఇవి యన్నియు నకలు తీయుట క్షణములో పని. పంపినవాని పేరు చూచుట కొంత మేలు. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ యేర్పఱచిన నియమములను బట్టి బ్యాంకులు, కంపెనీలు తమ సందేశములను నమోదైన పేరుమీదనే పంపవలెను. మొదట రెండక్షరములు, ఒక గీత, ఆపైన సంస్థను దెలుపు నక్షరములు ఉండును. 2025 నుండి చివర నింకొక యక్షరము చేరినది: ప్రచారమునకు పి, సేవకు యస్, లావాదేవీకి టి, ప్రభుత్వమునకు జి. బ్యాంకునుండి యని చెప్పుచు పదియంకెల మామూలు ఫోనుసంఖ్యనుండి వచ్చిన సందేశమును రెండవమారు చదువ బనిలేదు. బ్యాంకులు ఖాతాదారులకు చేయు సేవాసంబంధమైన ఫోనులు 1600తో మొదలగు సంఖ్యలనుండియే రావలెనని 2025 జనవరిలో రిజర్వుబ్యాంకు ఆదేశించినది. ఇవి తెలిసికొనదగినవే. అయినను ఇట్టి గుర్తులను మాత్రమే కంఠస్థము చేసి నిశ్చింతగ నుండుట మంచిది గాదు. నేడొక ద్వారము మూసిన రేపు వాడింకొక ద్వారమున వచ్చును.

అన్ని మారువేషములలోను మాఱనిది యొక్కటి గలదు. వాడు పిలువకయే వచ్చును. మన యింటి పంకా చెడినచో మిస్త్రీని మనము పిలుచుకొని వత్తుము. దారినిబోవు మిస్త్రీ యెవ్వడును తలుపు తట్టి, “మీ పంకా రేపు కాలిపోవును, ఇప్పుడే తాళములిండు” అనడు. అన్నచో వానిని వీథి చివరవరకు తఱిమి వత్తుము గదా! అదే మాట ఫోనులో వచ్చినప్పుడు మాత్రము భయపడి తాళములిచ్చుచున్నాము. కోట్లకొలది ఫోనులలో మీ ఫోనునకు జబ్బుచేసినదని కనిపెట్టి, తమంతట తాము సందేశము పంపి, మరమ్మతు చేయించు కంపెనీ యీ భూమండలమున లేదు. తమ హెచ్చరికలలో ఫోనుసంఖ్య నెన్నడు నుంచమని మైక్రోసాఫ్టు సంస్థయే ప్రకటించియున్నది. కావున “ఎవరు ఎవరిని పిలిచిరి?” యను నొక్క ప్రశ్న వేసికొన్నచో నూటికి తొంబది తావుల నిజము బయటపడును.

తక్కిన పది తావులను గూర్చియు చెప్పవలెను. ఒక్కొక్కప్పుడు మనమే పిలిచి తెచ్చుకొందుము. గ్యాసు రాలేదనియో, టీవీ పనిచేయలేదనియో, రైలుటిక్కెట్టు సొమ్ము తిరిగి రాలేదనియో గూగులులో ‘కస్టమరు కేరు’ అని వెదకి, పైన గనబడిన సంఖ్యకు ఫోను చేయుదుము. ఆ సంఖ్యను అచట మోసగాండ్రే ముందుగ నాటి యుంచుట కలదు. బ్యాంకు సంఖ్య కావలసినచో కార్డు వెనుక భాగమునను, పాసుపుస్తకమునను అచ్చుపడి యున్నది. వస్తువు సంగతి యైనచో కొన్న బిల్లుమీదనో, పెట్టెమీదనో యున్నది. తెనాలిలో కొన్న వస్తువునకు తెనాలి దుకాణదారు నడుగుట కంటె గూగులు నడుగుట సులభమని మనకెప్పటినుండి తోచినదో!

ఇక నొక సిగ్గుచేటు సంగతి. ఈ మోసమున మనము బాధితులము మాత్రమే కాము. కర్తలము గూడ నైతిమి. 2025 మేనెలలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున అమెజాను సంస్థ సహాయకులమని నమ్మించి అమెరికావాసులను దోచుకొనుచుండిన కాల్‌సెంటరును పోలీసులు పట్టుకొని ముప్పదిమందికి పైబడి నిర్బంధించిరి. మీ ఖాతా పరులచేత బడినదని బెదరించుట, గిఫ్టుకార్డులు కొనిపించి వాని సంఖ్యలు రాబట్టుట వారి వ్యాపారము. అంతకు ముందు 2023 అక్టోబరులో సి.బి.ఐ. వారు ‘ఆపరేషన్ చక్ర-2’ పేర దేశమున 76 తావుల సోదాలు జరిపిరి. వానిలో మైక్రోసాఫ్టు, అమెజాను సంస్థలు చేసిన ఫిర్యాదులమీద సాంకేతిక సహాయకుల వేషమున నడచుచుండిన కాల్‌సెంటర్లపై జరిపినవియు గలవు. సాంకేతిక సహాయపు మిషమీద 2024లో తమ ప్రజలు 146 కోట్ల డాలర్లు పోగొట్టుకొన్నట్లు అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. లెక్కకట్టినది. పోగొట్టుకొన్న వారిలో వృద్ధులే యెక్కువ. మన తెనాలి, బాపట్ల బిడ్డలు ఆ దేశమున సాంకేతిక విద్యచే గౌరవము సంపాదించుచుండ, ఇచ్చటినుండి అదే విద్య పేరున అచ్చటి ముసలివాండ్రను దోచుట జాతిగౌరవమునకు ఎంత కళంకము! ఉద్యోగము దొరకని యువకుడు జీతమునకు జేరి, తాను చేయుచున్నది నేరమని తెలిసియు కన్నులు మూసికొనుచున్నాడన్నచో, ఆ కాల్‌సెంటరు యజమానులతోబాటు వానికి గౌరవమైన పని చూపని మనకును పాలు కలదు.

“ఎంతసేపును మోసపోయినవానికే ఉపదేశములు; ప్రభుత్వము, బ్యాంకులు ఏమి చేయుచున్నవి?” అని కొందఱు మిత్రులు నన్నడుగుదురు. న్యాయమైన ప్రశ్న. సైబరు మోసములచే 2024లో దేశప్రజలు 22,845 కోట్ల రూపాయలు నష్టపోయిరని ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపినది. అంతకు ముందటి సంవత్సరమున ఆ నష్టము 7,465 కోట్లు. ఏడాదిలో మూడింతలైన నష్టమును ప్రజల యజ్ఞానమని త్రోసివేయుట తగునా? ఫిక్సుడు డిపాజిట్టు గడువునకు ముందు తీసికొనుటకు స్వయముగ పోయిన వృద్ధుని సంతకము కలియలేదని మూడుమారులు త్రిప్పు బ్యాంకులు, అదే వృద్ధుని ఖాతానుండి ఎన్నడు నెఱుగని పేర్లకు అరగంటలో సర్వస్వము తరలిపోవుచుండ నొక్కమా రయిన నాపి యడుగవలదా? అఱువది యేండ్లు దాటినవారి ఖాతాలనుండి క్రొత్త పేరునకు పెద్దమొత్తము పోవునప్పుడు ఒక దినము ఆలస్యము విధించినను, వారు కోరిన బంధువునకు వర్తమానము పంపినను, ఎందరి కొంపలో నిలుచును. తొందర మోసగానికి కావలసినది. మనకు కావలసినది ఆలస్యము. బ్యాంకులు వేగమునే గొప్పగ చాటుకొనుచు నా ఆలస్యమును సేవాలోపమని భావించుచున్నవి.

అట్లని చట్టము బొత్తిగ మనవైపు లేదనుకొనరాదు. 2017 జూలై 6న రిజర్వుబ్యాంకు విధించిన సూత్రము తెలిసికొనదగినది. తనది గాని, బ్యాంకుది గాని తప్పులేక, మూడవవాని మూలమున సొమ్ము పోయినచో, వర్తమానము తెలిసిన మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపిన ఖాతాదారునకు బాధ్యత లేదు. తానే రహస్యములు తెలిపి యజాగ్రత్త చేసినచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము తనది; తెలిపిన తరువాత జరిగిన నష్టము బ్యాంకుది. ఈ రెండవ మాటను బాగుగ గమనింపవలెను. తప్పు మనదే యైనను, తెలిపిన క్షణమునుండి భారము మాఱును. పై చెప్పిన మాష్టారి నాలుగు దినముల మౌనమునకు వెల యెంతయో దీనినిబట్టి యూహింపవచ్చును.

సొమ్ము పోయినదని తెలిసినతోడనే చేయవలసిన పని 1930 సంఖ్యకు ఫోను చేయుట. లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను జాతీయ పోర్టలున ఫిర్యాదు వ్రాయుట. వర్తమానము అందిన వెంటనే సొమ్ము చేరిన ఖాతాలను బ్యాంకులు స్తంభింపజేయుటకు ఏర్పాటు కలదు. 2025 జూలై నాటికి ఈ మార్గమున 5,489 కోట్ల రూపాయలకు పైగా మోసగాండ్రకు దక్కకుండ నాపగలిగిరి. గంట గడచినకొలది సొమ్ము చేతులు మాఱును గనుక, ముందు ఫోను, తరువాతనే యేడ్పు. అంతలో చెడిన చేతిఫోనునకు ఇంటర్నెట్టు కట్టివేసి, వాడు దింపించిన యాప్‌ను తీసివేసి, వేఱొక ఫోనునుండి రహస్యపదములను మార్చుకొనవలెను. సందేశమును మాత్రము తుడిచివేయరాదు; కోర్టున అది సాక్ష్యము. సొమ్ము పోకపోయినను, అనుమానపు సందేశము వచ్చినచో సంచార్ సాథీ పోర్టలులోని ‘చక్షు’ విభాగమున తెలుపవచ్చును; 2024 మార్చినుండి ఆ సదుపాయము గలదు.

పోలీసుస్టేషను సంగతి యొకటి మన ప్రాంతమునకు ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. రేపల్లెలో నివసించుచు, రైలెక్కి తెనాలి వచ్చి వ్యాపారము చేయుచు, తెనాలి బ్యాంకున ఖాతా నడుపువారు చాలమంది. వారికి సొమ్ము పోయినచో ఏ జిల్లా స్టేషనునకు పోవలెను? ఏ స్టేషనునకైనను పోవచ్చును. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరమెచ్చట జరిగినను పోలీసువా రా సమాచారమును స్వీకరింపవలెను. దాని ప్రతిని ఉచితముగ నీయవలెను. నిరాకరించినచో జిల్లా సూపరింటెండెంటునకు వ్రాతమూలముగ పంపుకొనవచ్చును. “మా హద్దు గాదు, అచ్చటికి పొండు” అని యెవరైన ననినచో ఈ సెక్షను పేరు వినయముగనే చెప్పుడు. కంప్యూటరు మూలమున మారువేషమున మోసగించుట సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్ల వరకు శిక్షకు పాత్రమైన నేరము. నేరస్థుడు వాడు. సిగ్గుపడవలసినవాడును వాడే గాని, ఫిర్యాదు వ్రాయుచున్న పెద్దమనుష్యుడు గాడు. మోసపోయినవానిని జూచి నవ్వు బంధువులు, తమకు తెలియకుండనే, మోసగానికి ఆ నాలుగు దినముల గడువును దానము చేయుచున్నారు.

ఇప్పుడు మొదటి మాటకు వత్తును. ఇంకొకని నడుగు నలవాటును పట్టణములందు మరల నెలకొల్పుట యెట్లు? మన పఠనమందిరములు ఇందులకు తగిన స్థానములని నా యభిప్రాయము. ఈ సీమలో గ్రంథాలయములు ఒంటరి చదువునకై పుట్టినవి గావు. వేటపాలెమున సారస్వతనికేతనము 1918లో వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు మన డెల్టా కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపించి గ్రామగ్రామమునకు పుస్తకములు చేర్చిరి. ఒకడు పత్రిక బిగ్గఱగ చదువ పదిమంది వినుట, వినినదానిని గూర్చి తర్కించుట నాటి యాచారము. నేడు ప్రతివాని జేబులోను ఒక పఠనమందిరమున్నది. కాని దానిలో నతడొక్కడే కూర్చున్నాడు. మోసగాడు వచ్చునది ఆ యేకాంతములోనికే.

ఆదివారము సాయంకాలము ఒక గంట చాలును. అనుమానపు సందేశము వచ్చినవారు ఫోను దెచ్చి బిగ్గఱగ చదివింపవచ్చును. బాపట్ల యింజనీరింగు కళాశాలలోని విద్యార్థులు ఇద్దఱు యాప్‌లను పరీక్షింతురు. బ్యాంకునుండి విరమించిన గుమాస్తా యొకరు, న్యాయవాది యొకరు ప్రక్క నుందురు. ఆ వారము వచ్చిన క్రొత్తరకపు సందేశమును కాగితముపై వ్రాసి, పంపినవాని మాటలు ఉన్నవి యున్నట్లుగ, పత్రికల బల్లపై నంటింపవచ్చును. ఎవరి పేరును వ్రాయనక్కఱలేదు. దీనికి విరాళములు పోగుచేయ బనిలేదు, సభ జరుప బనిలేదు. కావలసినవి ఒక బల్ల, నాలుగు కుర్చీలు, గోడమీద దూరమునకు గనబడునంత లావుగ వ్రాసిన 1930 అను సంఖ్య. తెనాలిలో న్యాయవాది వంతునకు నెలలో రెండు ఆదివారములు నేను వత్తును; తక్కిన రెండింటికి మిత్రులెవరైన ముందుకు రావలెనని కోరుచున్నాను.